ఫ్లై బేబీ కొని ఎగరడం ఎలా: ఇంకొకరు కట్టిన ఒంటి సీటు విమానం

అమెరికాలో గ్యారేజీల్లో కట్టిన విమానాలు వేలల్లో ఉన్నాయి. కట్టినవాళ్లు వయసు మీదపడి ఎగరడం మానేశాక వాటిలో కొన్ని అమ్మకానికి వస్తాయి. మంచి సెకండ్‌హ్యాండ్ కారు ధరకే ఒక ఒంటి సీటు విమానం దొరుకుతుందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకూ అలాంటి రాత్రి ఒకటి గడిచి ఉంటే ఇది మీ కోసమే.

నేను చెప్పేది ఫ్లై బేబీ గురించి. సియాటిల్‌లో బోయింగ్ ఇంజనీరుగా పనిచేసిన పీటర్ బవర్స్ దీన్ని డిజైన్ చేశారు. 1960 జులైలో మొదటిసారి ఎగిరింది. ఇంట్లో కట్టుకునే విమానాల సంఘం ఈఏఏ పెట్టిన డిజైన్ పోటీలో 1962లో గెలిచింది. ఆయన స్వయంగా కట్టిన మొదటి విమానం (రిజిస్ట్రేషన్ నంబరు ఎన్500ఎఫ్) ఇప్పుడు సియాటిల్ మ్యూజియం ఆఫ్ ఫ్లైట్ సేకరణలో ఉంది. దీని ఒళ్లు ప్లైవుడ్. రెక్కలు స్ప్రూస్ చెక్కతో చేసి పైన గుడ్డ కప్పినవి. వాటిని పైనా కిందా స్టీలు తీగలు పట్టి నిలబెడతాయి. కాక్‌పిట్ పైకప్పు లేకుండా తెరిచి ఉంటుంది. సాధారణంగా 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజను వేస్తారు, కొందరు 85 వేస్తారు. రెక్కలు మడిచి ఒంటికి ఆనించి ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. రెండు ఫ్లై బేబీలు పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ కవలల్లా కనిపించవు. ప్లాన్లు ఒకటే, కట్టిన చేతులు వేరు. సెస్నా కొంటే ఫ్యాక్టరీ పనితనం కొంటున్నట్టు. ఇక్కడ మాత్రం ముక్కూమొహం తెలియని ఒక మనిషి నలభై ఏళ్ల కిందట శనివారాలు కూర్చుని పూసిన జిగురును కొంటున్నారు. కాబట్టి ఫ్లై బేబీ అనే రకం గురించి ఎంత చదివినా, మీ ముందున్న ఆ ఒక్క విమానం గురించి తెలుసుకోవడం అందులో ఉండదు. ఈ వ్యాసంలోని అడుగులన్నీ అందుకోసమే.

1. ముందు మీ అర్హత చూసుకోండి

మన తెలుగువాళ్లలో చాలామంది ఇక్కడ హెచ్-1బీ మీద ఉంటారు కాబట్టి ముందు ఇదే చెప్తున్నాను. అమెరికాలో విమానాన్ని మీ పేరున రిజిస్టర్ చేయాలంటే మీరు పౌరులై ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు సొంత పేరున రిజిస్టర్ చేయలేరు. ట్రస్టు ద్వారా ఒక దారి ఉంది. కానీ ఈ ధర విమానానికి ఆ లాయర్ ఖర్చు, ఆ ఏటేటా ఫీజులు గిట్టుబాటు కావు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగి, ఆలోగా పైలట్ శిక్షణ పూర్తి చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. నేనూ అలాగే చేశాను. పౌరులు కానివాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లతో సహా, మొదటి పైలట్ శిక్షణ మొదలుపెట్టే ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ దగ్గర ఫ్లైట్ ట్రైనింగ్ సెక్యూరిటీ ప్రోగ్రామ్ కింద అనుమతి తీసుకోవాలి. ఇది మరిచిపోయి స్కూల్లో డబ్బు కట్టేసి వారాల తరబడి కూర్చున్నవాళ్లను చూశాను.

ఫ్లై బేబీకి పూర్తి ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. దాని బరువు, వేగం స్పోర్ట్ పైలట్ అనే, తేలికపాటి విమానాలకు సరిపోయే చిన్న సర్టిఫికెట్ హద్దుల్లోనే ఉంటాయి. స్పోర్ట్ పైలట్‌కు కనీసం 20 గంటల శిక్షణ చాలు, ప్రైవేటుకు 40. వైద్య పరీక్ష బదులు అమెరికా డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుంది. అయితే చివరిసారి మెడికల్‌కు దరఖాస్తు చేసినప్పుడు అది తిరస్కరించి ఉండకూడదు. ఏ సర్టిఫికెట్ ఉన్నా, ఫ్లై బేబీలా తోక చక్రం ఉన్న విమానం నడపడానికి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర విడిగా టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్, అంటే నేర్చుకున్నారని ఆయన పెట్టే సంతకం, తీసుకోవాలి.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. మీ టర్మ్ ఇన్సూరెన్స్ పాలసీ తెరిచి చదవండి. సొంతంగా విమానం నడుపుతూ చనిపోతే వర్తించదని కొన్ని పాలసీల్లో రాసి ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి విమానం కొన్న తర్వాత తెలియకూడదు. ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిన మాట కూడా ఇదే సమయంలో మాట్లాడేయండి.

2. ప్రకటన చూడగానే బయలుదేరకండి

ఇవి తరచుగా అమ్మకానికి రావు. నేను వెతికిన ఏడాదిన్నరలో నాకు అందే దూరంలో నాలుగే కనిపించాయి. అందువల్ల ఒకటి కనబడగానే ఎవరో ఎగరేసుకుపోతారనే టెన్షన్ పట్టుకుంటుంది. ఆ టెన్షనే మీ చేత తొందరపడి కొనిపిస్తుంది. ముందు ఫోన్లో అడగండి: కట్టింది ఎవరు, ఆయన బతికున్నారా, మాట్లాడొచ్చా? ఏ జిగురు వాడారు? రెక్కల గుడ్డ ఎప్పుడు మార్చారు? ఎప్పుడైనా నేల మీద తిరగబడిందా, గ్రౌండ్ లూప్ అయ్యిందా, అంటే దిగాక అదుపు తప్పి నేల మీదే గిర్రున తిరిగిందా? హ్యాంగర్లో, అంటే విమానాల షెడ్డులో పెట్టారా, బయట పెట్టారా? గత రెండేళ్లలో ఎన్ని గంటలు ఎగిరింది?

చివరి ప్రశ్న ముఖ్యం. ఏడాదికి ముప్పై గంటలు ఎగిరే పాత ఇంజను, పదేళ్లు హ్యాంగర్లో మెరుస్తూ కూర్చున్న తక్కువ గంటల ఇంజనుకంటే నాకు నమ్మకం. వాడకుండా ఉంచిన ఇంజన్లో క్యామ్ షాఫ్టు, సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. పైకి ఏమీ కనిపించదు.

కట్టిన పెద్దాయన ఉంటే తప్పకుండా మాట్లాడండి. అమ్మేవాళ్లకంటే ఆయనే ఎక్కువ నిజం చెప్తారు, ఎందుకంటే ఆయనకు ఆ విమానం బిడ్డ లాంటిది. నేను కొన్న విమానం కట్టిన మనిషితో మాట్లాడింది ఒక గంట. ఎడమ రెక్క చివర ఒక రిబ్బు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పట్టీ) ఆయన రెండుసార్లు చేసి అతికించారట. మొదటిసారి జిగురు పడిన రోజు గ్యారేజీ బాగా చల్లగా ఉందని అనుమానం వచ్చి తీసేశారట. ఆ ఒక్క మాటతో నాకు ఆయన పనితనం మీద ధైర్యం వచ్చింది.

3. వెళ్లి చూడడం: ఇక్కడ ఒక రోజంతా ఖర్చు పెట్టండి

ఒక్కరే వెళ్లకండి. గుడ్డ, చెక్క విమానాలు తెలిసిన ఏ అండ్ పీ మెకానిక్‌ను (విమానం ఒంటికీ ఇంజనుకూ లైసెన్సున్న మెకానిక్) తీసుకెళ్లండి. ఎప్పుడూ అల్యూమినియం విమానాలే చూసిన మెకానిక్ ఎంత మంచివాడైనా ఇక్కడ ఉపయోగం తక్కువ. మీ ఊళ్లోని ఈఏఏ చాప్టర్లో టెక్నికల్ కౌన్సిలర్లు ఉంటారు. వాళ్లు స్వచ్ఛందంగా సాయపడతారు. అసలు ఆ చాప్టర్‌కు కొన్ని నెలలు ముందునుంచే వెళ్తూ ఉండండి. శనివారం ఉదయం అక్కడ కాఫీ తాగుతూ విన్నంత నేను ఎక్కడా నేర్చుకోలేదు.

పెయింటు చూసి మోసపోకండి. నేను మొదట చూసిన విమానం ఎర్రగా అద్దంలా మెరుస్తోంది. రెక్క అడుగున తనిఖీ రంధ్రం మూత తీసి టార్చి వేసి చూస్తే, స్పార్‌కు బిగించిన బోల్టు చుట్టూ చెక్క నల్లగా ఉంది. స్పార్ అంటే రెక్క పొడవునా సాగే ప్రధాన దూలం. స్ప్రూస్ చెక్కలోకి నీరు చేరి ఇనుముతో కలిస్తే అలా నల్లబడుతుంది. నల్లబడిన ప్రతిదీ కుళ్లినట్టు కాదు. కానీ అక్కడ సన్నని మొన ఉన్న పనిముట్టుతో మెల్లగా గుచ్చితే, గట్టిగా ఆపాల్సిన చెక్క మెత్తగా దిగిపోయింది. నాలుగు గంటలు డ్రైవ్ చేసి వచ్చాం, వెనక్కి నాలుగు గంటలు మాట్లాడకుండా వెళ్లాం. అయినా ఆ రోజు నాకు ఇప్పటికీ మంచి రోజుగానే గుర్తుంది.

చెక్కలో చూడాల్సినవి: కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే ప్లైవుడ్ ఒంటి మీద అంగుళం అంగుళం నాణెంతో తట్టండి. అతుకు బాగున్నచోట టక్ మని గట్టిగా వినిపిస్తుంది, వదిలినచోట బోలుగా వినిపిస్తుంది. నీరు పోయే చిన్న రంధ్రాలు ప్రతి గదికీ అడుగున ఉన్నాయా, పెయింటుతో మూసుకుపోయాయా చూడండి. కాక్‌పిట్ అడుగున ముక్కు పెట్టి వాసన చూడండి. బూజు వాసన దాగదు. ఒకసారి తిరగబడ్డ విమానమైతే స్పార్ మీద టార్చి లైటును దాదాపు చెక్కకు ఆనించి పక్కనుంచి వేయండి. చెక్క నారకు అడ్డంగా వెంట్రుకంత సన్నని గీత కనిపిస్తే అది నలిగిన పగులు కావచ్చు. అలాంటి స్పార్ ఉన్న రెక్కను నేను కొనను, బేరం ఎంత మంచిదైనా సరే.

తీగల దగ్గర ఇంకా నిదానించండి. ఫ్లై బేబీ రెక్క తనంతట తాను నిలబడదు, తీగలే దాన్ని పట్టుకుంటాయి. గాల్లో ఉన్నప్పుడు బరువంతా కింది తీగల మీద పడుతుంది. ఆ కింది తీగలు వచ్చి ల్యాండింగ్ గేర్ ఇరుసు దగ్గర బిగుస్తాయి. అంటే చక్రాలకు దెబ్బ తగిలిన విమానంలో రెక్కలను పట్టే చోటుకు కూడా దెబ్బ తగిలినట్టే. గేర్ మరమ్మతు జరిగి ఉంటే ఎవరు, ఎలా చేశారో లాగ్‌బుక్‌లో చదవండి. తీగ పొడవునా నూలు గుడ్డతో తుడవండి. ఎక్కడైనా గుడ్డ చిక్కుకుంటే అక్కడ ఒక పోగు తెగినట్టు. చేత్తో తుడవకండి, తెగిన పోగు సూదిలా దిగుతుంది. చివర ఫిట్టింగులు ప్లాన్లో చెప్పిన మందంలోనే ఉన్నాయా, మనిషి తనకు దొరికిన ముక్కతో చేసుకున్నాడా అని ప్లాన్లు పక్కన పెట్టుకుని పోల్చండి. తీగ బిగువు సరిచేసే మరను టర్న్‌బకుల్ అంటారు. ప్రతి టర్న్‌బకుల్‌కూ తిరగకుండా సేఫ్టీ వైరు ఉండాలి.

గుడ్డ సంగతి కొంచెం తేలిక. లోపలినుంచి టార్చి వేస్తే వెలుతురు బయటికి బాగా కనిపిస్తే, ఎండను ఆపే వెండి రంగు పూత సరిగా వేయలేదన్నమాట. మెకానిక్ గుడ్డ బలం పరీక్షిస్తారు. గుడ్డ మొత్తం మార్చాల్సి వస్తే ఆ ఖర్చు, ముఖ్యంగా ఆ కాలం, విమానం ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

ఇంజనుకు కంప్రెషన్ పరీక్ష చేయించండి. 80 పౌండ్ల ఒత్తిడి పెడితే ప్రతి సిలిండర్ ఎంత నిలబెడుతుందో చూస్తారు. డెబ్బైల్లో ఉంటే సంతోషం. అరవై కిందికి పోతే గాలి ఎక్కడినుంచి లీకవుతోందో తెలియాలి. చెక్క ప్రొపెల్లర్ అయితే బోల్టుల బిగువు తనిఖీ చేయించండి. వానాకాలంలో చెక్క ఉబ్బి, ఎండాకాలంలో సంకోచించి ఆ బిగువు మారుతూ ఉంటుంది.

బరువు లెక్క మీరే వేసుకోండి. బవర్స్ విమానం ఖాళీగా 605 పౌండ్లు, మొత్తం హద్దు 925. మధ్యలో 320. ట్యాంకులో 12 గ్యాలన్ల పెట్రోలు 72 పౌండ్లు తీసేస్తే, పైలట్‌కూ బట్టలకూ మిగిలేది 248. కానీ జనం కట్టినవి తరచుగా ఇంతకంటే బరువుంటాయి. స్టార్టరు, బ్యాటరీ, అదనపు పెయింటు అన్నీ కలిసి యాభై పౌండ్లు సులభంగా తినేస్తాయి. కాగితం మీద ఉన్న బరువును నమ్మకండి, వీలైతే మూడు తూకం యంత్రాలు పెట్టి తూచండి. కూర్చుని కూడా చూడండి. మోకాళ్లు ప్యానెల్‌కు తగిలితే ఆ విమానం మీది కాదు.

4. కాగితాలు

విమానంతోపాటు మూడు కాగితాలు తప్పకుండా రావాలి: స్పెషల్ ఎయిర్‌వర్తినెస్ సర్టిఫికెట్, దానితో జతగా వచ్చే ఆపరేటింగ్ లిమిటేషన్స్, బరువు లెక్కల పత్రం. ఆపరేటింగ్ లిమిటేషన్స్ ప్రతి విమానానికీ విడిగా రాస్తారు. అందులో ఏముందో చదవకుండా డబ్బు ఇవ్వకండి. టెస్ట్ ఫ్లయింగ్ పూర్తయిందని లాగ్‌బుక్‌లో రాత ఉందా, ఆ తర్వాత ఇంజనో ప్రొపెల్లరో మార్చారా అని చూడండి. పెద్ద మార్పు జరిగితే మళ్లీ కొన్ని గంటలు టెస్ట్ దశలో ఎగరాలని లిమిటేషన్స్‌లో సాధారణంగా ఉంటుంది.

ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన శాఖ) రిజిస్ట్రీలో ఆ విమానం మీద ఎవరికైనా అప్పు ఉందేమో వెతికించండి. అమ్మకం పత్రం, రిజిస్ట్రేషన్ దరఖాస్తు పంపాక, దరఖాస్తు కాపీ విమానంలో పెట్టుకుని అమెరికా లోపల ఎగరవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటే యూజ్ ట్యాక్సు, రాష్ట్ర రిజిస్ట్రేషన్ విడిగా ఉంటాయి.

కొత్తగా కొన్నవాళ్లు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. కట్టిన మనిషికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఉంటుంది. ఏటా జరగాల్సిన కండిషన్ ఇన్‌స్పెక్షన్ ఆయనే చేసి సంతకం పెట్టుకోవచ్చు. ఆ హక్కు విమానంతోపాటు మీకు రాదు. మీరు ఇంజను విప్పవచ్చు, గుడ్డ మార్చవచ్చు, ఏ మరమ్మతైనా సొంతంగా చేసుకోవచ్చు. కానీ పన్నెండు నెలలకోసారి ఏ అండ్ పీ మెకానిక్ చూసి సంతకం పెట్టాలి. అలా పెట్టే మనిషి మీ ఎయిర్‌పోర్టు దగ్గర ఉన్నాడా అనేది కొనకముందే తేల్చుకోండి. చాలామంది మెకానిక్‌లు తెలియని చేతులతో కట్టిన విమానం మీద సంతకానికి ఒప్పుకోరు.

5. ఇంటికి తేవడం

ట్రైలర్ మీద తెండి. మీకు అలవాటు లేని విమానంలో, అలవాటు లేని దారిలో, మొదటి రోజే వందల మైళ్లు ఎగరడం వద్దు. ఈ విమానానికి మడిచే రెక్కలు ఇచ్చిందే ఇలాంటి పనులకు. రెక్కలు మళ్లీ బిగించిన రోజు మాత్రం ఇంకో మనిషి ప్రతి పిన్ను, ప్రతి టర్న్‌బకుల్, ప్రతి సేఫ్టీ వైరు విడిగా చూడాలి. మీరు చూశాక ఆయన, ఆయన చూశాక మళ్లీ మీరు.

6. ఎగరకముందు కాక్‌పిట్‌లో కూర్చోండి

2012లో అమెరికా రవాణా భద్రతా బోర్డు ఇంట్లో కట్టిన విమానాల ప్రమాదాల మీద ఒక అధ్యయనం వేసింది. 2011లో ప్రమాదానికి గురైనవాటిలో 125 విమానాలు ఇంకొకరి దగ్గర కొన్నవి. ఆ 125లో 14, కొత్త యజమాని మొదటిసారి ఎగిరినప్పుడే కూలాయి. ఆ అంకెను నా హ్యాంగర్ తలుపు లోపల రాసి పెట్టుకున్నాను.

1997 అక్టోబర్ 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలో మాంటెరే తీరం దగ్గర కొత్తగా కొన్న లాంగ్-ఈజెడ్ విమానం కూలి చనిపోయారు. అదీ ఇంకొకరు ఇంట్లో కట్టినదే. ఆయన అనుభవం ఉన్న పైలట్. ఆ విమానం ప్లాన్లలో పెట్రోలు ట్యాంకు మార్చే వాల్వు పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టినాయన దాన్ని ఎడమ భుజం వెనక పెట్టాడు. దాన్ని తిప్పాలంటే ఒళ్లంతా వెనక్కి తిప్పాలి. అలా తిరిగినప్పుడు కాలు రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే చుక్కాని) పెడల్‌ను తొక్కేస్తుంది. విచారణలో ముఖ్యంగా తేలిన కారణాల్లో ఇది ఒకటి. నేను ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నానో మీకు అర్థమై ఉంటుంది.

కాబట్టి మూడు సాయంత్రాలు హ్యాంగర్లో ఊరికే కాక్‌పిట్‌లో కూర్చోండి. కళ్లు మూసుకుని ప్రతి మీటను, ప్రతి నాబ్‌ను చేత్తో పట్టుకోండి. ప్రతి నాబ్ లాగితే అటువైపు నిజంగా ఏం కదులుతోందో ఇంకొకరిని చూడమనండి. నా విమానంలో కార్బ్యురేటర్ హీట్ నాబ్, అంటే మంచు పట్టకుండా కార్బ్యురేటర్లోకి వేడి గాలి వదిలేది, ఉల్టా ఉంది. అందరి విమానాల్లో లాగితే వేడి, ఇందులో నొక్కితే వేడి. ఆ సంగతి ఏ కాగితంలోనూ రాసి లేదు. ఇంజను మూత తీసి, స్నేహితుడు చూస్తుండగా నేను నాబ్ లాగాను. ఆయన "వేడి గాలి తలుపు మూసుకుంటోంది" అన్నాడు. నాకు వెన్ను చల్లబడింది. ఈ చిన్న కాంటినెంటల్ ఇంజన్లకు కార్బ్యురేటర్లో మంచు పట్టడం మామూలు విషయం, సియాటిల్ చుట్టుపక్కల తేమలో అయితే మరీ. గాల్లో ఇంజను దగ్గుతుంటే నేను అలవాటుగా లాగి ఉన్న కాస్త వేడినీ ఆపేసేవాణ్ణి. ఆ రోజే కేబుల్ తిప్పించాం.

ఎయిర్‌స్పీడ్ మీటరు మామూలు మైళ్లలో ఉందా, నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లలో) ఉందా చూడండి. పెట్రోలు మీటరు కొన్నింట్లో ట్యాంకు మూతలోంచి పైకి లేచే ఒక తీగ మాత్రమే. అది ఎంత పొడవు మిగిలితే ఎన్ని గ్యాలన్లో, ట్యాంకు ఖాళీ చేసి ఒక్కొక్క గ్యాలను పోస్తూ మీరే కొలిచి గుర్తు పెట్టుకోండి. 65 హార్స్‌పవర్ ఇంజను గంటకు నాలుగు గ్యాలన్ల దాకా తాగుతుంది. 12 గ్యాలన్ల ట్యాంకుంటే రెండు గంటలు దాటి ఎగరాలని ప్లాన్ చేయకండి.

మన తరహా విమానాల్లో ఎలక్ట్రికల్ వ్యవస్థ మొదటినుంచీ లేకపోతే, సియాటిల్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టు చుట్టూ 30 నాటికల్ మైళ్ల వలయంలో కూడా ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పరికరం) లేకుండా ఎగరడానికి మినహాయింపు ఉంది. పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే బీ, సీ క్లాసు నియంత్రిత గగనతలంలోకి మాత్రం వెళ్లకూడదు. చేతి రేడియో ఒకటి కొనుక్కోండి, అది చట్టం కోసం కాదు, మీ కోసం.

7. ఇన్‌స్ట్రక్టర్ లేని చోట నేర్చుకోవడం

ఒంటి సీటు విమానంలో మీ పక్కన కూర్చుని నేర్పేవాళ్లు ఉండరు. మొదటి ఎగరడమే సోలో. కాబట్టి నేర్చుకోవాల్సిందంతా పక్క విమానంలో నేర్చుకోవాలి. పైపర్ కబ్, ఏరోంకా చాంప్ లాంటి తేలికపాటి తోక చక్రం విమానంలో పది పదిహేను గంటలు ఎగరండి, ఎండార్స్‌మెంట్ వచ్చాక కూడా. అడ్డగాలిలో దిగడం, ఇంజను ఐడిల్‌లో పెట్టి దిగడం ఇన్‌స్ట్రక్టర్‌తో మళ్లీ మళ్లీ చేయించుకోండి. ఈఏఏలో ఫ్లైట్ అడ్వైజర్లు కూడా ఉంటారు. మీరు ఈ విమానానికి సిద్ధంగా ఉన్నారో లేదో వాళ్లు నిజాయితీగా చెప్తారు. ఇంకా సిద్ధంగా లేరంటే నొచ్చుకోకండి. నాకు ఆ మాట చెప్పిన ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

8. ప్రొపెల్లర్ చేత్తో తిప్పి స్టార్టు చేయడం

చాలా ఏ-65 ఇంజన్లకు, అంటే ఆ 65 హార్స్‌పవర్ కాంటినెంటల్‌కు, స్టార్టరు ఉండదు. నిలబడి చేత్తో తిప్పాలి. ఒక్కరుగా ఉన్నప్పుడు ఇది చేయకండి అని నా గట్టి సలహా. కాక్‌పిట్‌లో తెలిసిన మనిషి కూర్చుని బ్రేకులు తొక్కి ఉండాలి. చక్రాలకు అడ్డులు, తోకకు తాడు. తాడు కట్టేది నేలలో గట్టిగా దిగిన కొక్కేనికి, ఇంకో విమానానికి కాదు. మాగ్నెటో (ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే పరికరం) ఆఫ్‌లో ఉన్నా ఆన్‌లో ఉన్నట్టే భావించాలి. స్విచ్ వైరు తెగితే ఇంజను ఎప్పుడైనా అందుకుంటుంది. వేళ్లు ప్రొపెల్లర్ చుట్టూ ముడవకూడదు, అరచేతితో లాగి వెనక్కి అడుగు వేయాలి. కండువా, వదులు చొక్కా, మెడలో వేలాడే ఐడీ కార్డు ఏవీ ఉండకూడదు. నేల తడిగా ఉంటే ఆ రోజు వద్దు. "స్విచ్ ఆఫ్", "కాంటాక్ట్" (అంటే స్విచ్ ఆన్) అని ఇద్దరూ పైకి అరిచి చెప్పుకోవాలి, తలూపడం కుదరదు. దీన్ని తెలిసినవాళ్ల దగ్గర, ఆగిన ఇంజను మీద ముందు పదిసార్లు సాధన చేయండి.

9. మొదటి ఎగరడం

పొడవైన రన్‌వే ఎంచుకోండి. ఇంటి దగ్గర ఉన్న చిన్న గడ్డి రన్‌వే అందంగా ఉండొచ్చు, ఈ రోజు దానికి కాదు. మా సియాటిల్ ప్రాంతంలో అయితే అర్లింగ్టన్ ఎయిర్‌పోర్టు లాంటి పొడవైన, వెడల్పైన చోటు. ఉదయం, గాలి లేని రోజు. ముందు రెండు రోజులు నెమ్మదిగా టాక్సీ చేస్తూ, అంటే నేల మీదే నడుపుతూ, బ్రేకులు, రడ్డర్ ఎలా స్పందిస్తాయో చూడండి. ఇంజను పూర్తిగా తెరిచి, విమానం కట్టేసి ఉంచి, ఎన్ని ఆర్‌పీఎం వస్తుందో రాసుకోండి. ఈ రోజు వచ్చిన అంకె రేపు తగ్గితే కారణం తెలియకుండా ఎగరకండి.

కాక్‌పిట్ తెరిచి ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు, చెవులు కప్పే టోపీ గట్టిగా కట్టుకోండి. జేబులో ఫోను, పెన్ను లాంటివి ఉంచకండి. మా దగ్గర మే నెలలో కూడా పైన చలి ఎముకలు కొరుకుతుంది. వణికే చేతితో దిగడం కష్టం.

లేచాక ఎటూ పోకండి. ఎయిర్‌పోర్టు మీదే తిరుగుతూ మూడు వేల అడుగులకు ఎక్కండి. అక్కడ ఇంజను తగ్గించి, మెల్లగా ముక్కు ఎత్తి, విమానం స్టాల్ అయ్యే ముందు, అంటే వేగం చాలక రెక్కలు మోయడం మానేసే ముందు, వణికే వేగం మీటరులో ఎంతుందో చూడండి. పుస్తకంలో 45 మైళ్లు ఉండవచ్చు. మీ మీటరు 40 చూపించవచ్చు, 52 చూపించవచ్చు. మీ విమానానికి మీ మీటరు చూపించేదే లెక్క. దాన్ని 1.3తో గుణిస్తే దిగేటప్పుడు ఉంచాల్సిన వేగం వస్తుంది. మొదటి రోజు ఇంకో అయిదు మైళ్లు కలపండి.

ఫ్లై బేబీకి ఫ్లాప్స్ (దిగేటప్పుడు కిందికి వంచే రెక్క వెనక పలకలు) లేవు, అవసరమూ లేదు. ఆ తీగలు, ఆ తెరిచిన కాక్‌పిట్ గాలిని పట్టేసుకుంటాయి. ఇంజను తగ్గించగానే సెస్నాలో ఉన్నట్టు జారుకుంటూ పోదు, దిగిపోతుంది. ఎక్కేటప్పుడు ఇంజను ఆగితే మొదటి పని ముక్కు కిందికి నెట్టడం, ఆలోచన ఆ తర్వాత. వెనక్కి రన్‌వేకు తిరగాలనే ఆశ పెట్టుకోకండి, ముందు కనిపించే పొలంలో దిగండి. టేకాఫ్‌కు ముందే ఆ పొలం ఏదో పైకి చెప్పుకోండి.

దిగాక కూడా విమానాన్ని నడపడం ఆపకండి, రడ్డర్ మీద కాళ్లు సడలించకండి. తోక చక్రం విమానం ఆగి, ప్రొపెల్లర్ ఆగేదాకా ఎగురుతున్నట్టే. నా మొదటి ల్యాండింగ్ బాగానే అయింది, కానీ టాక్సీ మలుపులో ఊపిరి వదిలేసి కాళ్లు సడలించాను. విమానం పావు వంతు తిరిగింది. ఏమీ విరగలేదు. గడ్డిలో ఆగి కూర్చున్నప్పుడు నా స్నేహితుడు పరిగెత్తుకొచ్చి "ఏం ఫర్వాలేదు, ఇరుసు చూద్దాం" అన్నాడు. కింది తీగలు అక్కడే కదా బిగుసుకునేది. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని చూశాం.

10. మొదటి పది గంటలు

మొదటిసారి దిగగానే ఇంజను మూత మొత్తం తీసి చూడండి: నూనె లీకులు, వదులైన బిగింపులు, రాపిడి గుర్తులు. తీగల బిగువు మళ్లీ చూడండి. చెక్క ప్రొపెల్లర్ బోల్టులు మళ్లీ. రెండో ఎగరడం తర్వాతా ఇదే. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ప్రతిసారీ ఎంత సేపు, ఎంత పెట్రోలు, ఎంత నూనె, ఏ వేగంలో ఏం జరిగిందో రాయండి. వీలైతే పైలట్ స్నేహితుణ్ణి రన్‌వే పక్కన నిలబెట్టి మీ ల్యాండింగులు చూడమనండి, నొప్పించినా సరే చెప్పమనండి. పది గంటలు అయ్యేదాకా వేరే ఎయిర్‌పోర్టుకు వెళ్లకండి. అప్పటికి ఆ విమానం ఏ వేగంలో ఏ శబ్దం చేస్తుందో చెవికి తెలిసిపోతుంది, తీగల మీద గాలి పాట మారితే మీటరు చూడకముందే చెయ్యి ముందుకు వెళ్తుంది. అప్పుడు పక్క ఎయిర్‌పోర్టుకు వెళ్లి, కాఫీ తాగి, వెలుతురు ఉండగానే ఇంటికి రండి.